నలభై దాటని ముల్లు

అదో, మళ్ళీ లైటు కొట్టె. చూసినావా లేదా? ఆ అద్దంలో ఒక తూరి చూడప్పా. లారీ మొఖం తప్ప నాకేమీ కనపడలేదు. వాని నంబరు ప్లేటు మీదుండే దుమ్ము కూడా కనపడతాండాది, అంత దగ్గరకొచ్చినాడు.

ఊఁ అంటావు. ఊఁ అంటే ఏమని? గుద్దితే గుద్దనీ అనా?

ముల్లు చూడు. నలభై. బాగేపల్లి టోలు దాటినప్పటి నుంచి ఆ ముల్లు నలభై గీత మీదనే కూర్చోనుండాది. బోర్డులో ఎనభై అని రాసిపెట్టిండారు. అందరూ ఎనభై, తొంభై పోతాండారు. మనం నలభై. అదీ కుడిపక్క, డివైడరును ఆనుకోని. జోరుగా పోయే బండ్లకని విడిచిండే చోటు కదప్పా ఇది.

తెలుసు, తెలుసు, చెప్పొద్దు. ఎడమపక్క పోతే ట్రాక్టర్లు ఎదురొస్తాయి. ఊర్లవాళ్ళు పాలక్యాన్లు కట్టుకోని బైకుల్లో రాంగు సైడు వస్తారు. వాళ్ళను యాడ గుద్దుతానో అని నీకు భయం. మనల్ని వెనకనుంచి ఎవడు గుద్దుతాడో అని నాకు భయం. ఇద్దరమూ భయపడుకుంటా పోతాండాము, అంతే.

అమ్మా... చూసినావా ఆ బస్సు? ఎడమపక్క నుంచి ఎట్ల కోసుకోని పోయెనో. గవర్నమెంటు బస్సు. కండక్టరు కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి ఏమో తిట్టినాడు. కన్నడలో తిట్టెనో తెలుగులో తిట్టెనో వినపడలేదు. యా భాషైనా ఒకటే లే, మనకు రెండూ వస్తాయి.

నా అరిచెయ్యి చూడు. ఏసీ వేసినా చెమటే. కండ్లు మూసుకుందామా అంటే మూసుకుంటే ఇంకా భయం. అద్దంలోంచి చూపు తియ్యలేను. నువ్వు ముందర చూస్తావు, నేను వెనక చూస్తాను. మూడేండ్లుగా ఇదే కదా మన సంసారం.

నీ మీద కోపం లేదప్పా. నిదానంగా పోయేవాణ్ణి ఎవరన్నా తప్పు పడతారా? ఊర్లో నిన్ను మెచ్చుకోని మనిషే లేడు. మీ చిన్నాయన ఆంజనేయప్పయితే నలుగురు యాడ చేరినా అదే మాట. బండి నడిపితే మా అమరనాథ్ మాదిరి నడపల్ల, కోడిపిల్ల కూడా బెదరదు అని. నేను పక్కన నిలబడుకోని తల ఊపుతాను. మన పరగోడు సందుల్లో అయితే నిజమే. ఆడ కోడిపిల్లలు ఉండాయి. ఇక్కడ ఉండేది లారీలు.

పోయిన నెల మర్చిపోయినావా? పేరేసంద్ర ఇవతల, ఆ టొమాటో టెంపో?

పాపం, వాడు అందరూ పోయే స్పీడులోనే వస్తాండాడు. ముందర కారు పోతాండాది కదా, అదీ మన మాదిరే పోతాంటుంది అనుకున్నాడు. దగ్గరకొచ్చినాక కదా తెలిసింది, ఇది పోయేది కాదు, నిలబడిండే మాదిరి ఉండాదని. బ్రేకు కొట్టినాడు, ఎడమకు తిప్పినాడు. నేను అద్దంలో చూస్తానే ఉండా. టెంపో మెల్లిగా, ఎవరో పక్కకు పండబెట్టిన మాదిరి, పండుకునేసింది. క్రేట్లన్నీ రోడ్డు మీద. టొమాటోలు మన కారు చక్రాల కిందికి కూడా దొర్లుకోనొచ్చె.

జనాలు వచ్చి ఎవర్ని తిట్టిరి? వాణ్ణే. నిదానంగా పోయే మనిషిని గుద్దబోయినావే, కండ్లు లేవా అని. నొసలు పగిలి రక్తం కారతాంటే కూడా తిట్టిరి. హెడ్ కానిస్టేబులు వచ్చి కూడా అదే చెప్పినాడు. వెనక వచ్చేవానిదే తప్పంట, రూలు అట్లనే ఉండాదంట. నువ్వు వానికి నీళ్ళ బాటిలు ఇచ్చినావు. వాడు తాగినాడు, మొఖం కడుక్కున్నాడు. మోహన్‌కుమార్ అని పేరు చెప్పినాడు, చింతామణివాడంట. అప్పుడు నీ పక్క చూసి ఒక మాట అన్నాడు కదా.

"అన్నా, నువ్వు చావవు. నీ వెనక వచ్చేవాడు ఎవడో ఒకడు చస్తాడు."

అరిచి కూడా చెప్పలేదు. నీళ్ళ బాటిలు మూత పెట్టి నీ చేతికిచ్చి పోయినాడు. ఆ పొద్దు నువ్వు అన్నం ముందర కూర్చోని చెయ్యి కడుక్కోని లేసినావు. నేను చూసినాను. సరే, ఇంక మారతాడు అనుకున్నాను. తెల్లారి మళ్ళీ అదే నలభై.

తప్పు ఎవరిదని రాసుకుంటే ఏమప్పా, చచ్చినాక? ఆ కాగితం ఎవరు చదవల్ల?

లారీవాడు పోయినాడు, బాగైంది. అయ్యో, యాడ బాగైంది, వాని వెనక ఇంకొకడు. కార్లు మోసే పొడుగు లారీ. ఇది ఆపాలంటే వానికి ఎంత దూరం కావల్లో నీకు తెలుసా? నాకు తెలీదు. వానికన్నా తెలుసో లేదో.

కనీసం ఎడమకు పో. ఇండికేటరు వెయ్యి, నేను చూసి చెప్తాను. ఇప్పుడు... వద్దు, వద్దు, బైకు. ఇప్పుడు... వద్దు. సరే, ఇట్లనే పో.

నువ్వేమంటావో నాకు నోటికొస్తుంది. "పాప తల మీద చెయ్యి పెట్టి ఒట్టు పెట్టినాను, దాటితే దానికే కదా తగిలేది" అంటావు. నేనుండాను కదప్పా ఆ పొద్దు, పాపను పట్టుకోని కూర్చుండేది నేనే కదా.

యాక్సిడెంటు అయినాక, పాప కాలికి కట్టు తీసి ఇంటికి తెచ్చిన మూడో రోజు. మీ అమ్మ అక్కయమ్మ దేవునింట్లో చాప వేసి మనల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టె. తాంబాళంలో కర్పూరం వెలిగించె. "ప్రేమా, మంజుశ్రీని గట్టిగా పట్టుకో" అనె నాతో. ట్రాక్టరు ఎంత జోరు పోతుందప్పా అని నిన్ను అడిగె. నలభై పోదమ్మా అంటివి నువ్వు. అయితే నలభై, బతికినన్నాళ్ళు దాటనని బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చెప్పు అనె. నువ్వు ఒక చెయ్యి పాప తల మీద పెట్టి, ఇంకొక చేత్తో కర్పూరం ఆర్పినావు. అరిచెయ్యి కాలింది. నువ్వు చెయ్యి వెంటనే తియ్యలేదు కూడా.

ఆయమ్మ ముసలామె. హైవే ఎట్లుంటుందో ఆమెకేం తెలుసు? ట్రాక్టరు తప్ప వేరే లెక్క తెలీదు. ఆ లెక్కను పట్టుకోని మనం నేషనల్ హైవేలో పోతాండాము.

గుడికి పోయి తప్పు కాణిక వేద్దాము, ఒట్టు విడిపించమని దండం పెట్టుకుందాము అని నేను ఎన్ని తూర్లు చెప్పలేదు? ఒకే మాట నీది. తల నాది కాదు, పాపది, దాని తల మీది ఒట్టును నేనెట్ల తీసేసేది అని. ఒక కాలు పోగొట్టినాను, ఇంకేం పోగొట్టమంటావు అని. ఆ మాట అంటే నేను గమ్మునుండిపోతాను. ఎందుకు గమ్మునుంటానో నువ్వు ఎప్పుడూ అడగలేదు.

కాలేమీ పోలేదు లేప్పా. కుంటుతుంది, అంతే. తాలూకా టీములో ఖోఖో ఆడే బిడ్డ, ఇప్పుడు మెట్లు ఎక్కాలంటే గోడ పట్టుకుంటుంది.

ఇంట్లో మనం ముగ్గురమూ ఒక్క చోటే ఉన్నా, దానికి నీతో చెప్పాల్సింది ఉంటే నాతో చెప్తుంది. అమ్మా, నాన్నకు చెప్పు, ఫీజు కట్టాలని. అమ్మా, నాన్నను అడుగు, సంతకం కావల్లని. నువ్వు ఎదురుగానే కూర్చోనుంటావు. హాస్టలులో చేర్చిన పొద్దు పెట్టెలు మన కారులో వచ్చె, అది బస్సులో వచ్చె. నువ్వు చిక్కబళ్ళాపురం దాకా ఆ బస్సు వెనకాలే కారు నడిపినావు, నలభైలో. బస్సు ఎప్పుడో పోయింది. నువ్వు మాత్రం అదో, ఆ బస్సే అది, అని యా బస్సు కనపడినా చూపిస్తా వచ్చినావు.

ఈ పొద్దే కదా మొదటి తూరి కారులో వస్తాననింది. కాలేజీలో ఫస్టు పీయూసీ పరీక్షలు అయిపోయె, హాస్టలు మూస్తారు, కాలు నొప్పిగా ఉండాది, బస్సులో నిలబడలేను, కారు తెండి అని ఫోను చేసె. నువ్వు రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున్నే వెనక సీటు దులిపినావు, దిండు పెట్టినావు. నేను చూసినాను.

అప్పా... అప్పా, తెల్లకారు, వెనక, జోరుగా వస్తాండాది, ఆ లారీని దాటుకోని వస్తాండాది, చూడు, వాడు చూడలేదు మనల్ని, వాడు చూడలేదు...

...

పోయె. పోయెనప్పా. ఎడమకు పోయె.

ఎడమపక్క ఎదురొస్తాండె కదా, ఆ బైకు. ఆ బైకువాళ్ళు ఏమైరి? నిలుపు... వద్దు, నిలుపొద్దు, నిలిపితే ఆ లారీ. ఉండు, చూస్తాను. మట్టిలోకి దిగిపోయిండారు. ఆయప్ప లేసినాడు. ఆడమనిషి కూర్చోనుండాది. చేతిలో బిడ్డుండాది. బిడ్డను ఒళ్ళంతా తడిమి చూసుకుంటాండాది. లేసింది. లేసిందప్పా, నిలబడింది. బిడ్డ ఏడస్తాండాది, నోరు తెరిచిండేది కనపడతాండాది. ఏడిస్తే మంచిదే.

ఇంకొక జానెడు. ఇంకొక జానెడు అయింటే ఆ బిడ్డ... మనకేమీ కాలేదు చూడు. మన కారుకు గీత కూడా పడలేదు. వాళ్ళకు తెలియను కూడా తెలీదు మన వల్లనని. ఆ తెల్లకారువాణ్ణే తిట్టుకుంటా ఇంటికి పోతారు.

ఇంక నా వల్ల కాదు.

ఒక మాట చెప్తాను. నువ్వు నా పక్క చూడొద్దు, రోడ్డు చూస్తానే విను. స్టీరింగు గట్టిగా పట్టుకో. పట్టుకున్నావా?

ఆ పొద్దు నువ్వు జోరుగా పోలేదు.

కైవారం క్రాసు కాడ. ఆ పొద్దు. నువ్వు జోరుగా పోలేదప్పా. నలభై ఐదు. మించితే యాభై. మా అక్కోళ్ళ ఇంట్లో తిని బయలుదేరినాము, నీకు కడుపు నిండుగా ఉండె, మెల్లిగా పాట పెట్టుకోని పోతాంటివి. పాప వెనక కూర్చోని ఏదో లెక్క చెప్తాండె.

అమావాస్య కదా ఆ పొద్దు. క్రాసు కాడ ఎవరో కొత్త బండికి దిష్టి తీసి గుమ్మడికాయ పగలగొట్టిండారు. రోడ్డంతా కుంకుమ, ముక్కలు, నిమ్మకాయలు. నీకు ఎదురుబండి లైటు కండ్లల్లో కొట్టె, నువ్వు చూడలేదు. నేను చూసినాను. మన చక్రం నేరుగా దాని మీదికే పోతాండాది. అమావాస్య పొద్దు, వయసుకొచ్చిన ఆడబిడ్డ కారులో ఉండాది, పరాయోళ్ళ దిష్టి తొక్కితే బిడ్డకు తగులుతుందని, నా చెయ్యి నేను చెప్పకుండానే పోయింది. స్టీరింగు పట్టి లాగినాను. నా పక్కకు. ఎడమకు.

ఎడమపక్కనే కదా ఆ ట్రైలరు నిలబడిండేది. లైటు లేకుండా.

బిడ్డకు ఏమీ కాకూడదనే లాగినాను. నమ్ముతావో లేదో.

నీకు తల పగిలి రెండు రోజులు తెలివి లేదు. ఆ నిమిషం నీకు జ్ఞాపకం లేదని డాక్టరు చెప్పినాడు, ఎప్పటికీ రాదన్నాడు. ఎట్లయింది ప్రేమా, ఎట్లయింది అని కండ్లు తెరిచినప్పటి నుంచి అడుగుతాంటివి. అప్పటికే అయిపోయింది. మీ అమ్మ ఆసుపత్రికి వచ్చీ రాగానే, జోరుగా పోయినాడా అని నన్ను అడిగె. నేను ఊఁ అన్నాను. అంతే. ఒక ఊఁ. తరువాత పోలీసాయప్ప వచ్చి అదే రాసుకునె. తరువాత మా అక్కోళ్ళు, చుట్టాలు, ఊరంతా. నేను ఇంకేమీ చెప్పే పని లేకపాయె.

తరువాత పాప అడిగింది. కాలికి రాడ్డు వేసి పండబెట్టిండారు. నాన్న ఎందుకమ్మా అంత జోరుగా పోయె అని. నేను ఊఁ కూడా అనలేదు. దాని కాలివేళ్ళు ఒత్తుకుంటా కూర్చున్నాను.

కర్పూరం వెలిగించిన పొద్దు చెప్దామనుకున్నాను. ఒట్టు. ఒట్టు అనకూడదు కదా నేను. చెప్దామనుకున్నాను. మీ అమ్మ నా పక్కనే ఉండె. ఇప్పుడు చెప్తే ఈమె నన్ను ఈ ఇంట్లో ఉంచుతుందా, నా బిడ్డను నాకిస్తుందా అని గోడ పక్క చూస్తా కూర్చున్నాను. నువ్వు ఆర్పేసినావు. అయిపోయింది.

అప్పటి నుంచి దానికి జ్వరమొచ్చినా నాకు గుండె ఆగుతుంది. నా అబద్ధం మీద కదా దాని తల పెట్టింది అని. నువ్వు నలభై దాటితే పాపకేమవుతుందో అని నీకు భయం. నువ్వు దాటకుండా ఒట్టు నిలబెట్టే కొద్దీ నాకు భయం.

అందుకని చెప్తాండాను, ఆ ఒట్టు లేదప్పా. చెయ్యని తప్పుకు పెట్టిన ఒట్టు ఒట్టే కాదు. తగిలేది ఉంటే నాకు తగలనీ. అందరూ పోయినట్ల నువ్వూ పో. నీకు దండం పెడతాను, ఆ బిడ్డను చూసినావు కదా మట్టిలో. నొక్కు.

ఏమన్నా అను.

తిట్టు. తిడితే తిట్టు. నా పక్క చూడొద్దు, రోడ్డు చూడు, అట్ల చూడొద్దు నన్ను.

ఎందుకు చెయ్యి తీసేసుకున్నావు? ఊరికే పెట్టినాను నీ చెయ్యి మీద. సరే. పెట్టనులే.

నలభై ఐదు. యాభై దాటె. దాటినావప్పా. చూడు, లారీవాడు వెనక్కు పోయినాడు. హారను లేదు. అరవై. ఎంత నిమ్మళంగా ఉండాదో చూడు రోడ్డు. అందరితో కలిసి పోతాంటే ఎవరూ తిట్టరు, ఎవరూ లైటు కొట్టరు. మూడేండ్లైంది మనం ఒక ట్రాక్టరు కాకుండా వేరే బండిని దాటి.

డెబ్భై. చాలు కదా. డెబ్భై చాలు లే.

ఏమంటివి?

నేనా? పాపకా?

చెప్తాను. చెప్పనని యాడన్నాను? చెప్తాను. సెలవులు కదా, ఇంటికి పోయినాక, మెల్లిగా, దాని కాలినొప్పి తగ్గనీ, ఒక మంచి టైము చూసుకోని...

ఈ పొద్దేనా?

కారు ఎక్కకముందే? హాస్టలు గేటు కాడనే? అందరి ముందరా అప్పా? వార్డెను ఉంటుంది, దాని ఫ్రెండ్సు ఉంటారు...

నువ్వు బండిలోనే కూర్చోనుంటావా. నేను ఒక్కదాన్నే దిగి చెప్పల్లనా.

అది నన్ను ఏమంటుందో తెలుసు కదా నీకు. నీతో మూడేండ్లు మాట్లాడలేదు, నాతో ఎన్నేండ్లు మాట్లాడదో. దానికి ఈ లోకంలో నన్ను తప్ప నమ్మకమైన మనిషి లేదు. నేనే దానికి అన్నీ. రాత్రి ఫోనులో కూడా అదే అనె. అమ్మా నువ్వు ముందర కూర్చో, నాన్నను చూస్తా ఉండు, జోరుగా పోనియ్యొద్దు అని. సరే తల్లీ, చూస్తా ఉంటాను అన్నాను.

ఎనభై.

పేరేసంద్ర అప్పుడే దాటిపాయె. ఎప్పుడూ ఇక్కడికొచ్చేసరికి నాకు నడుము నొచ్చేది. నంది కొండ కనపడతాండాది. ఇంక ఎంత, పావుగంట? పావుగంట కూడా లేదేమో. గేటు కాడ సంచులు పెట్టుకోని నిలబడుంటుంది, కుడికాలి మీద బరువు వెయ్యకుండా, గోడకు ఆనుకోని. మనం ఇంకా గంట పట్టి వస్తామనుకుంటాంటుంది. ఇంత బిర్రున వచ్చినామేమని మొదట నన్నే అడుగుతుంది.

తొంభై చూపిస్తాండాది అప్పా.

వెనక ఎవడూ లేడు. ముందర ఎవడూ లేడు. రోడ్డు బాగానే ఉండాది. మెల్లిగా పో అనే మాట నోటిదాకా వచ్చి నిలబడుండాది. యా మొఖం పెట్టుకోని అనేది నేను?